మరుపును కొలిచిన మనిషి

మా ఇంట్లో ఎక్కాలు అప్పజెప్పే వేళ రాత్రి అన్నాలయ్యాక. నాన్న అరుగు మీద పడక్కుర్చీలో కూర్చునేవారు. ఎక్కాల పుస్తకం ఆయన ఒళ్లో మూసే ఉండేది. అన్నయ్యా నేనూ చేతులు కట్టుకుని ఎదురుగా నిలబడి పదమూడో ఎక్కం ఎత్తుకునేవాళ్లం. పదమూడేళ్లు తొంభై ఒకటి దాకా బండి గడగడా నడిచేది. పదమూడెనిమిదుల దగ్గర ఆగిపోయేది. నాన్న అందించేవారు కాదు, పుస్తకం తెరవనిచ్చేవారూ కాదు. "తెచ్చుకో, లోపలే ఉంది" అనేవారు. ఆ నిశ్శబ్దంలో చెవులు వేడెక్కేవి. చివరికి నూట నాలుగు ఎక్కడినుంచో వచ్చి నాలుక మీద వాలేది.

మర్నాడు ఆ ఊసే ఎత్తేవారు కాదు. నాలుగు రోజులు పోయాక, పెరట్లో స్నానానికి నీళ్లు తోడుకుంటుంటే ఉన్నట్టుండి "పదమూడెనిమిదులెంతరా?" అని కేకేసేవారు. మళ్లీ పది రోజులకు బజారుకు వెళ్లే దారిలో. అదంతా నాన్న పట్టుదల అనుకునేవాళ్లం. పుస్తకం మూయడం, అందించకుండా ఆగడం, రోజులు విడిచి మళ్లీ అడగడం... ఈ మూడింటి వెనకా వందేళ్లకు పైబడిన పరిశోధన ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. నాన్నకు ఆ సంగతి తెలియనే తెలియదు. వాళ్ల నాన్న ఆయన్ని అలా అడిగారు, అంతే.

చదువు విషయంలో మన భాషకు రెండు మాటలున్నాయి. ఒకటి వల్లెవేయడం, రెండోది అప్పజెప్పడం. వల్లెవేస్తే పాఠం లోపలికి వెళుతుంది. అప్పజెప్పేటప్పుడు బయటికి వస్తుంది. తీసుకున్న వస్తువును తిరిగి అప్పగించడాన్ని కూడా అప్పజెప్పడమనే అంటాం. జ్ఞాపకం గట్టిపడేది ముఖ్యంగా ఈ రెండో పనిలోనేనని శాస్త్రం తేల్చుకోవడానికి చాలా కాలం పట్టింది. ఆ దారిలో నడిచిన మనుషుల కథ ఇది.

పాత పుస్తకం చూపిన దారి

హెర్మన్ ఎబింగ్‌హౌస్ 1850లో జర్మనీలోని బార్మెన్ పట్టణంలో పుట్టాడు. తత్వశాస్త్రం చదివి, 1873లో బాన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పుచ్చుకున్నాడు. తర్వాత కొన్నేళ్లు ఇంగ్లండులోనూ ఫ్రాన్సులోనూ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ గడిపాడు. ఆ రోజుల్లోనే పారిస్‌లో ఒక పాత పుస్తకాల అంగడిలో గుస్తాఫ్ ఫెక్నర్ రాసిన గ్రంథం ఆయన కంటబడిందని చెబుతారు. వెలుగు ఎంత పెరిగితే కంటికి తేడా తెలుస్తుంది, బరువు ఎంత పెరిగితే చేతికి తెలుస్తుంది అని ఫెక్నర్ 1860లోనే లెక్కలు కట్టి చూపించాడు. మనసుకు కలిగే అనుభూతిని కూడా కొలవచ్చన్నది ఆ గ్రంథం ఇచ్చిన ధైర్యం. ఆ రుణాన్ని ఎబింగ్‌హౌస్ మరచిపోలేదు. చాలా ఏళ్ల తర్వాత తన పెద్ద గ్రంథాన్ని ఫెక్నర్‌కే అంకితమిచ్చాడు.

కంటినీ చేతినీ కొలవగలిగినప్పుడు జ్ఞాపకాన్ని ఎందుకు కొలవకూడదు? ఇదీ ఆయన్ని పట్టుకున్న ప్రశ్న. అప్పట్లో అది సాహసమే. 1879లో లైప్జిగ్‌లో ప్రసిద్ధమైన మనస్తత్వ ప్రయోగశాలను నెలకొల్పిన విల్‌హెల్మ్ వుంట్ కూడా జ్ఞాపకం, ఆలోచన వంటి లోతైన మనోవ్యాపారాలు ప్రయోగానికి లొంగవనే భావించేవాడు. అదే ఏడాది ఎబింగ్‌హౌస్ పని మొదలుపెట్టాడు. ఆయనకు ప్రయోగశాల లేదు, సహాయకులు లేరు. ప్రయోగం చేసేవాడూ తానే, ప్రయోగానికి కూర్చునేవాడూ తానే.

అర్థం లేని మాటల మూట

మొదటి చిక్కు ఏమిటంటే, ఏది కంఠస్థం చేయాలి? పద్యం పనికిరాదు. ప్రాస, తూగు, భావం అన్నీ కలిసి చెయ్యి పట్టుకుని నడిపిస్తాయి. ఒక పద్యం ఒకరికి తేలికైతే ఇంకొకరికి కష్టం. అందుకని అర్థమే లేని ముక్కలు తయారుచేసుకున్నాడు. ఒక హల్లు, ఒక అచ్చు, మళ్లీ ఒక హల్లు. మన నోటితో అనుకుంటే 'బోక్', 'జాప్', 'దూష్' లాంటివి. అలాంటివి సుమారు 2,300 పోగుచేసి, కలిపి, వాటిలోంచి తీసి వరసలు పేర్చుకునేవాడు.

చదివే తీరు కూడా కొలతకు కట్టుబడి ఉండాలి. నిమిషానికి 150 చప్పుళ్ల లయకు ఒక్కో ముక్కను ఒకే స్వరంతో చదివేవాడు. మధ్యలో ఏ అర్థమూ అల్లుకోకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. రోజులో దాదాపు ఒకే వేళకు కూర్చునేవాడు. వరస మొత్తం తడబడకుండా చెప్పగలిగేదాకా చదవడం, ఎన్నిసార్లు చదివాడో, ఎంతసేపు పట్టిందో రాసుకోవడం, ఇంతే పని. 1879–80లో ఒక దఫా, వాటిని సరిచూసుకోవడానికి 1883–84లో మరో దఫా. ఒకే రోజు మరీ ఎక్కువసార్లు చదివితే అలసట, తలనొప్పి వచ్చేవని ఆయనే రాసుకున్నాడు. పద్యం చదివినా ఏదో రుచి ఉంటుంది. ఏళ్ల తరబడి రుచీ పచీ లేని ముక్కల్ని నమిలిన ఆ ఓపికను తలచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

ఆ ఓపికకు ఫలితాలు దక్కాయి. ఏడు ముక్కల వరసైతే ఒక్కసారి చదివి చెప్పేయగలిగాడు. పన్నెండుకు పెరిగితే పదహారు, పదిహేడుసార్లు చదవాల్సి వచ్చింది. ఇరవై నాలుగైతే 44 సార్లు. బరువు రెండింతలు పెరిగితే శ్రమ రెండింతలతో ఆగడం లేదన్నమాట. పోలికకు బైరన్ రాసిన 'డాన్ జువాన్' కావ్యంలోని చరణాలను కూడా కంఠస్థం చేసి చూశాడు. అర్థమున్న ఆ చరణాలకు పట్టిన శ్రమ, అంతే పొడవున్న అర్థంలేని ముక్కలకు పట్టే శ్రమలో సుమారు పదో వంతు. భావం తెలియకుండా బట్టీ పట్టే పిల్లవాడు ఎన్ని రెట్లు బరువు మోస్తున్నాడో చెప్పే లెక్క ఇది. టీచర్లూ తల్లిదండ్రులూ కళ్ల ముందు పెట్టుకోవలసిన లెక్క.

మరుపు గీత

అసలు మలుపు తర్వాతది. ఒకసారి నేర్చుకున్నది ఎంత వేగంగా పోతుంది? దీన్ని కొలవడానికి ఆయన కనిపెట్టిన ఉపాయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. "ఎంత గుర్తుంది?" అని ఆయన అడగలేదు. "మళ్లీ నేర్చుకోవడానికి ఎంత తక్కువ శ్రమ పట్టింది?" అని అడిగాడు. మొదటిసారి ఒక పాఠానికి 20 నిమిషాలు పట్టి, కొంత కాలం తర్వాత అదే పాఠం మళ్లీ నేర్చుకోవడానికి 12 నిమిషాలే పట్టిందనుకుందాం. 8 నిమిషాలు ఆదా. అంటే నూటికి 40 పాళ్లు మిగులు. ఒక్క ముక్క కూడా నోటికి రాకపోయినా, పూర్తిగా పోయిందనుకున్నా, ఆ ఆదా మాత్రం లోపల ఏదో మిగిలి ఉందని చెబుతుంది.

పదమూడు ముక్కల వరసలతో ఆయన వేసిన లెక్క ఇలా ఉంది. ఇరవై నిమిషాల తర్వాత మిగులు 58 శాతం. గంట తర్వాత 44. తొమ్మిది గంటలకు కాస్త ముందు 36. ఒక రోజుకు 34. రెండు రోజులకు 28. ఆరు రోజులకు 25. నెల రోజులకు 21. గీత గీస్తే మొదట నిట్టనిలువుగా జారుతుంది. ఆ తర్వాత నేల మీద నీళ్లు పరుచుకున్నట్టు నెమ్మదిస్తుంది. మొదటి గంటలో పోయినంత ఆ తర్వాతి నెల రోజుల్లో కూడా పోలేదు.

ఈ అంకెల్ని చాలామంది తప్పుగా చెబుతుంటారు. మనిషి చదివినదాంట్లో సగం పైగా గంటలో మరిచిపోతాడని ఉపన్యాసాల్లో వింటుంటాం. ఎబింగ్‌హౌస్ అన్నది అది కాదు. ఆయన కొలిచింది తిరిగి నేర్చుకునే శ్రమలోని ఆదాను. అదీ అర్థంలేని ముక్కలతో, ఒకే ఒక్క మనిషి మీద. కథలు, ముఖాలు, ఇష్టపడి నేర్చుకున్న పనులు ఇంత వేగంగా జారిపోవు. గీత ఆకారం మాత్రం నిలిచింది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన మ్యూరే, డ్రోస్ అనే ఇద్దరు పరిశోధకులు అదే పద్ధతిని వీలైనంత దగ్గరగా అనుసరించి ప్రయోగాన్ని మళ్లీ చేశారు. ఒకరు సుమారు 70 గంటలు కూర్చుని అలాంటి వరసలే నేర్చుకున్నారు. నూట ముప్పై ఏళ్ల తర్వాత వచ్చిన గీత పాత గీతను చాలా దగ్గరగా పోలి ఉంది.

38 సార్లు, 68 సార్లు

1885లో ఆయన ఫలితాలన్నీ జ్ఞాపకం గురించిన ఒక చిన్న పుస్తకంగా వెలువడ్డాయి. అందులో మన నిత్యజీవితానికి అన్నిటికన్నా పనికొచ్చే ముక్క ఒకటుంది. పన్నెండు ముక్కల వరసను ఒకే రోజు గుక్కపట్టి 68 సార్లు చదివితే మర్నాడు తిరిగి నేర్చుకోవడం ఎంత తేలికైందో, మూడు రోజుల మీద విడదీసి 38 సార్లు చదివినా అంతే తేలికైంది. సగానికి కాస్త ఎక్కువ శ్రమతో అదే ఫలం. తేడా తెచ్చింది మధ్యలోని విరామమే.

రైతు ఇంట్లో పుట్టినవారికి ఈ మాట వింతగా ఉండదు. చేనికి కావలసిన నీళ్లన్నీ ఒకే రోజు పెట్టేస్తే కాలవ గట్టు తెగుతుందే తప్ప పైరు పెరగదు. తడి ఆరి, వేరు దాహంతో కిందికి పాకే వేళకు మరో తడి కావాలి. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ కూర్చునే చదువు ఆ తెగిన గట్టు లాంటిది. మర్నాటి పరీక్షకు కొంత పనికొస్తుంది, నెల తిరిగేసరికి ఆ నీళ్ల జాడ ఉండదు.

విరామం ఎంత ఉండాలన్న ప్రశ్నకు సమాధానం చాలా కాలం తర్వాత వచ్చింది. 2008లో సెపీడా, ఆయన సహచరులు 1,350 మందికి పైగా జనానికి అంతగా ఎవరికీ తెలియని విషయాలు కొన్ని నేర్పి, వేర్వేరు విరామాల తర్వాత మళ్లీ చెప్పించి, వేర్వేరు కాలాల తర్వాత పరీక్షించారు. వారం తర్వాతి పరీక్షకు ఒక రోజు విరామం బాగా పనిచేసింది. ఏడాది దాకా గుర్తుండాలంటే మూడు వారాల విరామం మేలు చేసింది. ఎంత దూరం మోయాలో దాన్నిబట్టి ఎడం పెంచాలన్నది దాని సారం.

అంకెల్లో దాగిన నిద్ర

ఎబింగ్‌హౌస్ లెక్కలో ఒక చోట వింత ఉంది. పైన చెప్పిన అంకెల్ని మళ్లీ చూడండి. తొమ్మిది గంటల నాటికి 36, ఒక రోజుకు 34. పదిహేను గంటల్లో పోయింది రెండు పాళ్లే. ఆ తర్వాతి ఒక్క రోజులో ఆరు పాళ్లు పోయాయి. ఎందుకిలా? ఆ పదిహేను గంటల్లో ఒక రాత్రి ఉంది. నిద్ర మరుపును ఆపుతోందేమోనన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. కానీ నమ్మబుద్ధి కాలేదు. కొలతలో వచ్చిన చిన్న తేడా అనుకుని పక్కన పెట్టేశాడు.

ఆ పక్కన పెట్టిన ముక్కను దాదాపు నలభై ఏళ్ల తర్వాత అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ చేతిలోకి తీసుకున్నారు. ఇద్దరు విద్యార్థులు ప్రయోగశాల దగ్గరే పడుకునే ఏర్పాటు చేశారు. పది అర్థంలేని ముక్కలు నేర్చుకుని ఒకసారి నిద్రపోవాలి, ఇంకోసారి మేలుకుని రోజువారీ పనులు చేసుకోవాలి. గంటకు, రెండు గంటలకు, నాలుగు గంటలకు, ఎనిమిది గంటలకు పరీక్ష. నిద్రలో ఉన్నవాళ్లను లేపి మరీ అడిగేవారు. 1924లో వెలువడిన ఆ ఫలితం స్పష్టంగా ఉంది. ఎనిమిది గంటలు మేలుకుంటే పదింటిలో ఒకటి మిగలడమే గగనమైంది. నిద్రపోయిన రోజు సుమారు సగం నిలిచాయి.

నిద్రపోయే మెదడు ఖాళీగా ఉండదని ఇప్పుడు తెలుసు. మెదడు లోపల హిప్పోక్యాంపస్ అనే భాగం పగటి అనుభవాలకు తొలి గిడ్డంగి. ఎలుకలు మేలుకుని తిరిగిన దారిలో వెలిగిన నాడీకణాలే అవి నిద్రపోయాక మళ్లీ కలిసి మెరవడాన్ని విల్సన్, మెక్‌నాటన్ 1994లో చూపించారు. పగలు వల్లెవేసినదాన్ని రాత్రి మెదడే ఒకసారి తనకు తాను అప్పజెప్పుకుంటోందన్నమాట. ఎబింగ్‌హౌస్ చేతికి అంది జారిన ముత్యం ఇది. అంకె తప్పని అనిపించినా దాన్ని చెరిపేయకుండా పుస్తకంలో ఉన్నదున్నట్టు అచ్చువేయించాడు గనుకే తర్వాతివాళ్లకు దొరికింది.

పుస్తకం మూస్తే

విరామం సంగతి తేలింది, నిద్ర సంగతి తేలింది. మరి అప్పజెప్పడం మాట? దాన్ని నేరుగా పరీక్షకు పెట్టినవాడు ఆర్థర్ గేట్స్. 1917లో కొలంబియా విశ్వవిద్యాలయం నుంచి వెలువడిన ఆయన పరిశోధన బడిపిల్లల మీద జరిగింది. పిల్లలకిచ్చిన సమయం ఒకటే. కొందరు దాన్నంతా చదవడానికే వాడారు. కొందరు కొంత చదివి, మిగతా సమయం చూడకుండా చెప్పుకున్నారు. సగానికి మించిన సమయం చెప్పుకోవడానికి వాడిన పిల్లలే ముందున్నారు.

1939లో వెలువడిన అధ్యయనానికి అయోవా రాష్ట్రంలో హెర్బర్ట్ స్పిట్జర్ ఆరో తరగతి పిల్లలు 3,605 మందిని తీసుకున్నాడు. చదవడానికిచ్చిన పాఠాలు వెదురు గురించి, వేరుశనగ గురించి. కొందరికి చదివిన వెంటనే పరీక్ష, కొందరికి మర్నాడు, కొందరికి వారానికి, ఇంకొందరికి ఇంకా ఆలస్యంగా. తొలి పరీక్ష తొందరగా జరిగిన పిల్లలకు వారాల తర్వాత కూడా పాఠం ఎక్కువగా నిలిచింది. ఆ పరీక్షలో తప్పులు దిద్దింది లేదు. కేవలం అడగడమే వాళ్లకు మేలు చేసింది.

ఇంత పెద్ద ఫలితం వచ్చాక కూడా లోకం దాన్ని చాలా ఏళ్లు పట్టించుకోలేదు. పరీక్షంటే నేర్చుకున్నది తూచే తక్కెడ అనే మనమంతా అనుకుంటాం. తూచడం వల్ల వస్తువు బరువు పెరుగుతుందంటే ఎవరు నమ్ముతారు? 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ ఈ సంగతిని మళ్లీ వెలుగులోకి తెచ్చారు. ఒక జట్టు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు దఫాలు చదివారు. ఇంకో జట్టు ఒక దఫా చదివి, మూడు దఫాలు చూడకుండా గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివిన జట్టుదే పైచేయి, 83 శాతానికి 71. వారం తర్వాత అడిగితే లెక్క తలకిందులైంది. చదివిన జట్టుకు 40 శాతం మిగిలింది, రాసిన జట్టుకు 61.

ఈ ప్రయోగంలో నా మనసులో నాటుకుపోయిన విషయం ఇంకొకటి. నాలుగు దఫాలు చదివినవాళ్లే తమకు బాగా గుర్తుంటుందని ముందుగా గట్టిగా నమ్మారు. పదేపదే చదివితే పేజీ కళ్లకు అలవాటవుతుంది. ఆ అలవాటునే వచ్చేసిందని పొరబడతాం. చూడకుండా చెప్పబోతే తడబాటు, చెవులు వేడెక్కడం, రావడం లేదన్న దిగులు. ఆ ఇబ్బంది పడుతున్న క్షణంలోనే జ్ఞాపకం గట్టిపడుతోందని లోపలున్న మనిషికి తెలియదు. పదమూడెనిమిదుల దగ్గర నిలబడిపోయిన పిల్లవాడికీ తెలియదు.

అట్టముక్కల పెట్టె

ప్రయోగశాలలో తేలింది ఇంటి అలవాటుగా మారాలంటే పనిముట్టు కావాలి. ఆ పనిముట్టు ఇచ్చింది ఒక పాత్రికేయుడు. సెబాస్టియన్ లైట్‌నర్ సైన్సు సంగతులు జనానికి అర్థమయ్యేలా రాసే మనిషి. 1972లో, ఎలా నేర్చుకోవాలో నేర్పే పుస్తకం ఒకటి జర్మన్ భాషలో రాశాడు. అందులోని ఉపాయం ఒక పొడవాటి పెట్టె. లోపల ఐదు గదులు. మొదటి గది ఇరుకు, పోనుపోను వెడల్పు. చిన్న అట్టముక్క మీద ఒకవైపు ప్రశ్న, వెనకవైపు జవాబు. కొత్త ముక్కలన్నీ మొదటి గదిలో పడతాయి. జవాబు సరిగా చెబితే ముక్క తర్వాతి గదికి పోతుంది. తప్పితే ఎక్కడున్నా మొదటి గదికే తిరిగొస్తుంది. ఇరుకు గది తొందరగా నిండుతుంది కనుక దాన్ని తరచూ తిరగెయ్యాలి. వెడల్పు గది నిండడానికి రోజులు పడతాయి. వచ్చినదాన్ని అరుదుగా, రానిదాన్ని తరచుగా అడిగే పని ఆ పెట్టే చూసుకుంటుంది. ఎబింగ్‌హౌస్ విరామమూ, గేట్స్ అప్పజెప్పడమూ ఆ పెట్టెలో కలిశాయి.

అదే పనిని పోలండ్‌లోని పోజ్నాన్‌లో ఒక విద్యార్థి అంకెల్లోకి దించాడు. ప్యోటర్ వోజ్నియాక్ ఇంగ్లిష్ మాటలు, జీవశాస్త్రం నేర్చుకోవాలని తాపత్రయపడుతూ నేర్చుకున్నదంతా జారిపోతోందని విసిగిపోయాడు. 1985లో తన మీదే ప్రయోగం పెట్టుకున్నాడు. కాగితాల మీద ప్రశ్నలు రాసుకుని, ఎన్ని రోజులకు అడిగితే మరీ ఎక్కువ పోకుండా ఉంటుందో చూసుకున్నాడు. ఆయనకు తేలిన ఎడం మొదట ఒక రోజు, తర్వాత 7 రోజులు, తర్వాత 16, తర్వాత 35. అక్కడినుంచి ప్రతిసారీ సుమారు రెట్టింపు. 1987 డిసెంబరులో ఆ లెక్క చూసుకునే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాడు. దాని పేరు సూపర్‌మెమో. ఆ బాటలోనే 2006లో డేమియన్ ఎల్మ్స్ జపనీస్ నేర్చుకోవడానికి తయారుచేసుకున్న 'అంకి' ఇప్పుడు ఎందరో వైద్యవిద్యార్థుల ఫోన్లలో ఉంది. అంకి అంటే జపనీస్‌లో కంఠస్థం చేయడం.

అవధాని చేసే పని

ఈ కథ చదువుతున్నంతసేపూ నాకు మన అవధాన వేదిక కళ్ల ముందు కదులుతూనే ఉంది. ఎబింగ్‌హౌస్ పుస్తకం వచ్చిన తర్వాతి దశాబ్దంలోనే ఇక్కడ దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి శతావధానాలతో ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగిస్తున్నారు. ఒకరి మాట ఒకరు విన్నవారు కారు. అయినా వేదిక మీద జరుగుతున్నదేమిటో చూడండి.

అష్టావధానంలో అవధాని ప్రశ్న వేసిన ఒక పృచ్ఛకుడికి పద్యమంతా ఒకేసారి చెప్పేయడు. సమస్యకు ఒక పాదం చెప్పి దత్తపదికి వెళతాడు. అక్కడొక పాదం చెప్పి వర్ణనకు వెళతాడు. మధ్యలో నిషిద్ధాక్షరి అడ్డుపడుతుంది, గంటలు మోగుతాయి, అప్రస్తుత ప్రసంగం చేసేవాడు చమత్కారంగా దారి మళ్లిస్తాడు. ఆవృత్తి తిరిగి సమస్య దగ్గరికి వచ్చేసరికి మొదటి పాదం మరుగున పడి ఉంటుంది. దాన్ని తెచ్చుకుని, దాని కొసకు రెండో పాదం అల్లాలి. అలా నాలుగు ఆవృత్తులు. చివర ధారణలో అన్ని పద్యాలూ వరసగా అప్పజెప్పాలి. శతావధానంలో ఆ పని వందమంది పృచ్ఛకులకు, రోజుల తరబడి.

అవధాని ప్రతిభను ఒక సూత్రంలో ఇమడ్చాలని నా ఉద్దేశం కాదు. ఛందస్సు, భాష, ఏళ్ల సాధన లేకుండా ఆ వేదిక ఎక్కలేరు. కానీ ఆ ప్రక్రియ కట్టుబడిలోనే విరామం ఉంది, అడ్డంకి ఉంది, చూడకుండా తెచ్చుకోవడం ఉంది. ఒకసారి వినగానే పట్టేసేవాణ్ని మనం ఏకసంథాగ్రాహి అని మెచ్చుకుంటాం. ఆ మాటలోని సంథ గురువు దగ్గర వేదం చెప్పించుకునే పాఠం. సంథ చెప్పుకున్నవాడు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు దాన్ని తిరగేసుకుంటూనే ఉంటాడు. అందరి కళ్లూ ఒక్క సంథ మీదే నిలుస్తాయి, ఆ తర్వాతి తిరగేతలు ఎవరికీ కనబడవు.

మన రోజువారీ బతుకులో

మందులు గుర్తుండటం లేదని, పెళ్లిలో పలకరించిన మనిషి పేరు నోటికి రాలేదని, చదివినదంతా పోతోందని బాధపడేవాళ్లు ప్రతి ఇంట్లో ఉన్నారు. ఈ నూట నలభై ఏళ్ల కథ వాళ్ల చేతిలో పెట్టేవి చాలా చిన్న పనులు. పాఠం చదివాక పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద గుర్తున్నంతా రాయండి. రానిచోట ఒక నిమిషం ఆగి తెచ్చుకోబోయి, అప్పుడే పుస్తకం తెరవండి. అదే పాఠాన్ని మర్నాడు, ఆ తర్వాత వారానికి, ఆ తర్వాత నెలకు ఇలాగే అడగండి. కొత్త మనిషి పేరు విన్నప్పుడు వెంటనే ఒకసారి పేరు పెట్టి పిలవండి, ఇంటికొచ్చే దారిలో ఒకసారి తలచుకోండి, మర్నాడు ఇంట్లోవాళ్లకు చెప్పండి. పిల్లవాడు బడినుంచి రాగానే "హోంవర్కు ఏముంది?" అనడానికి ముందు "ఇవాళ ఏం చెప్పారో నాకు చెప్పు" అనండి. అర్థం కానిది బట్టీ పట్టించకండి, బైరన్ చరణాల లెక్క చూశాం కదా.

నిద్ర తగ్గించి చదివే చదువు లాభం కాదు. పెద్దవయసువాళ్లకు నడక కూడా మందే. 55 నుంచి 80 ఏళ్ల మధ్య ఉన్న 120 మందితో ఏడాదిపాటు జరిపిన అధ్యయనం 2011లో వెలువడింది. వారానికి మూడు రోజులు చురుగ్గా నడిచినవాళ్ల హిప్పోక్యాంపస్ సుమారు 2 శాతం పెరిగింది. నడవకుండా ఒళ్లు సాగదీసే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లకు అది కొంత తగ్గింది. ఒక్క మాట మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోవాలి. పేరు మరవడం వేరు, రోజూ వెళ్లే దారి మరవడం, అడిగిందే పదేపదే అడగడం, చేతిలో పనిని మధ్యలో ఎలా చేయాలో తెలియకపోవడం వేరు. అలాంటివి కనిపిస్తే అలవాట్లతో సర్దుకుపోకుండా వైద్యుణ్ని కలవాలి.

ఎబింగ్‌హౌస్ 1909లో హాలే పట్టణంలో నిమోనియాతో కన్నుమూశాడు. ఆయన చేసిన కొలతల్లో ఒకదాన్ని తలచుకుంటే నా మనసు నిండుతుంది. వయసులో ఉన్నప్పుడు కంఠస్థం చేసిన 'డాన్ జువాన్' చరణాల్ని 22 ఏళ్ల తర్వాత మళ్లీ తీశాడు. పూర్తిగా చెరిగిపోయాయనే అనుకున్నాడు. కానీ మళ్లీ నేర్చుకోబోతే, ఎన్నడూ చదవని చరణాలకన్నా అవి కొంచెం తొందరగా వచ్చాయి. ఆదా చిన్నదే. కానీ ఇరవై రెండేళ్లు ఎవరూ తలుపు తట్టని గదిలో ఏదో మిగిలే ఉందని అది చెప్పింది.

కొలతలూ గీతలూ తెలియని మా నాన్న, అరుగు మీద పుస్తకం మూసుకుని, అదే మాట రోజూ మాకు చెప్పేవారు. తెచ్చుకో, లోపలే ఉంది.